ది బ్రైడ్ టెస్ట్: ప్రేమ తనలోనే ఉందని తెలియని హీరో

హెలెన్ హొవాంగ్ రాసిన ‘ది బ్రైడ్ టెస్ట్’ నవలని మళ్లీ చదివాను. మొదటిసారి కథ ఎటు పోతుందోనన్న టెన్షన్‌తో పేజీలు గబగబా తిప్పేశాను. ఈసారి ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి తీరిగ్గా, నచ్చిన చోట వెనక్కి వెళ్తూ చదివాను. సిరీస్‌లోని మూడు పుస్తకాల్లోనూ నా మనసుకి దగ్గరైనది ఇదేనని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. చివరి భాగం మీద గట్టి ఫిర్యాదులే ఉన్నాయి, అవీ చెబుతాను. కానీ తనలో ప్రేమే లేదని నమ్మే మనిషి, తనకే తెలియకుండా ప్రతి పేజీలోనూ ప్రేమిస్తూ పోవడాన్ని రచయిత్రి ఎంత బాగా చూపించారో ముందు చెప్పాలి.

సిరీస్ అనగానే మొదటి పుస్తకం చదవకపోతే ఏమీ అర్థం కాదేమో అనుకుంటారు చాలామంది. డిటెక్టివ్ కథల్లో, ఫాంటసీల్లో అలాగే ఉంటుంది. ప్రేమ నవలల సిరీస్‌లకి పద్ధతి వేరు. ప్రతి పుస్తకంలోనూ ఒక కొత్త జంట. వాళ్ల కథ అందులోనే మొదలై అందులోనే సుఖంగా ముగుస్తుంది. పుస్తకాలని కలిపేది ఒక కుటుంబమో, స్నేహితుల గుంపో. ఈ సిరీస్‌లో మొదటిది ‘ది కిస్ కోషెంట్’, 2018లో వచ్చింది. అందులో ఎకనామెట్రిక్స్‌లో, అంటే ఆర్థిక విషయాలని గణాంకాలతో లెక్కగట్టే రంగంలో, పనిచేసే స్టెల్లా, మైకేల్ జంట. 2019లో వచ్చిన ఈ ‘బ్రైడ్ టెస్ట్’లో మైకేల్‌కి కజిన్ అయ్యే ఖై హీరో. 2021లో వచ్చిన ‘ది హార్ట్ ప్రిన్సిపుల్’ ఖై అన్నయ్య క్వాన్ కథ. ఒక పుస్తకంలో పక్కన నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్లినవాడు తర్వాతి పుస్తకంలో మధ్యకి వస్తాడు. వాడి లోపల ఏముందో అప్పుడు తెలుస్తుంది. నేను ఇలాంటి సిరీస్‌లు వదలకుండా చదవడానికి సగం కారణం ఇదే.

ఇక కథ. ఖై కాలిఫోర్నియాలో ఉంటాడు. వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అకౌంటింగ్‌లో దిట్ట. ఆటిజం ఉంది. పెళ్లి మాటెత్తడు, అమ్మాయిల వైపు చూడడు, ఒంటరిగా ఒక ఇంట్లో తన లెక్క ప్రకారం తను బతుకుతుంటాడు. వాళ్లమ్మ చూసి చూసి, ఇక వీడివల్ల కాదని తనే వియత్నాం వెళ్లి పిల్లని వెతుకుతుంది. హోచిమిన్ సిటీలో ఒక పెద్ద హోటల్లో వరసగా అమ్మాయిలని పిలిచి మాట్లాడుతుంటుంది. ఆ మాటలు జరిగేది హోటల్ బాత్రూమ్‌లో. అక్కడ శుభ్రం చేస్తున్న అమ్మాయి చెవిన అవన్నీ పడతాయి. చివరికి ఆ పెద్దావిడకి నచ్చేది, ముస్తాబై వచ్చిన అమ్మాయిలెవరూ కాదు, ఆ పనిచేసుకుంటున్న అమ్మాయే. వేసవి మొత్తానికి టూరిస్ట్ వీసా మీద అమెరికా తీసుకెళ్తాను, నా కొడుకుని పెళ్లికి ఒప్పించు, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయ్ అంటుంది. అమెరికా వెళ్లేముందు ఆ అమ్మాయి తనకి తానే ఎస్మే అని పేరు పెట్టుకుంటుంది. ఆమెకి ఒక చిన్న కూతురుంది. ఎస్మే తను ఎప్పుడూ చూడని తండ్రి ఒకాయన అమెరికాలో ఎక్కడో ఉన్నాడు. ఈ రెండు సంగతులూ మొదట్లో ఖైకి తెలియవు.

ఇలా రెండు ముక్కల్లో చెబితే ఎవరికైనా అనుమానం వస్తుంది. డబ్బున్న దేశం, పేద దేశం అమ్మాయి, గడువు పెట్టిన వీసా. నాకూ మొదట్లో ఇబ్బందిగానే ఉంది. నన్ను లోపలికి లాగింది ఎస్మే కన్నా ముందు వచ్చే చిన్న ప్రోలాగ్.

అది ఒక అంత్యక్రియల దృశ్యం. ఖై టీనేజ్‌లో ఉన్నాడు. అతనికి అందరికన్నా దగ్గరివాడైన ఆండీ మోటార్ సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఖై కళ్లు పొడిగా ఉన్నాయి. తను ఏడవాలని అతనికి తెలుసు, ఏడుపు రావడం లేదని కూడా తెలుసు. ఎందుకు రావడం లేదో మాత్రం తెలియదు. అంతలో ఒకమ్మాయి నీది రాతి గుండె అన్న అర్థంలో ఒక మాట అనేస్తుంది. అంతే. ఖై ఆ మాటని ఒక నిజంలాగా తీసుకుని లోపల పెట్టుకుంటాడు. తనకి అందరిలా బాధ కలగదు, కాబట్టి ప్రేమ కూడా కలగదు, కాబట్టి ఎవరి జీవితంలోకీ వెళ్లకూడదు. లెక్క సరిపోయింది అనుకుంటాడు.

మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో ఒక కాగితం మీద రాసుకుని, చేసిన పేరల్లా కొట్టేస్తూ, వచ్చినవాళ్లకి కుర్చీలు వేయిస్తూ తిరిగాను. మా మేనత్త నా వెనకాలే, ‘ఇదేం పిల్లే, కంట్లో చుక్క నీరు లేదు’ అంది. నాకు వినబడాలనే అందో లేదో ఇప్పటికీ తెలియదు. అందుకే ఆ ప్రోలాగ్‌లో ఖై ఏం చేస్తున్నాడో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ప్రేమ నవలల్లో హీరోకి ప్రేమంటే భయం ఉండాలంటే పెద్ద గాయం పెడతారు. మోసం చేసిన మాజీ ప్రియురాలో, వదిలేసి పోయిన తల్లో ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఒక మనిషి, ఒక రోజు, ఒక చోట అన్న ఒక మాట. మనుషులకి అంత చాలు. అది రచయిత్రికి తెలుసు.

కథనం ఒక అధ్యాయం ఖై వైపు నుంచి, ఒక అధ్యాయం ఎస్మే వైపు నుంచి సాగుతుంది. ఇది ఈ తరహా నవలల్లో మామూలే. కానీ ఇక్కడ ఆ పద్ధతికి పని ఉంది. ఖై తల లోపల కూర్చుని చూస్తున్నాం, అయినా అతను చెప్పేది నమ్మలేం. తనకి జరుగుతున్న దానికి ప్రేమ అన్న ఒక్క పేరు తప్ప మిగతా అన్ని పేర్లూ పెట్టుకుంటాడు. ఆమె ఇంట్లో లేకపోతే నిశ్శబ్దం తేడాగా ఉందంటాడు. ఆమె వస్తువులు అక్కడా ఇక్కడా ఉంటే చికాకు అంటాడు, తీసేస్తే ఇంకా చికాకు. పక్కింటావిడ చూసినా చెప్పేస్తుంది ఇది ఏమిటో. అతనికి మాత్రం తెలియదు. చదువుతున్నంతసేపూ పుస్తకంలోకి చెయ్యి పెట్టి భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. ఎంత చిన్న చిన్న పనుల్లో ఆ ప్రేమ బయటపడుతుందో గమనిస్తూ చదివితే ఈ నవల రుచి తెలుస్తుంది.

ఒక సీన్ గురించి వివరంగా చెప్పాలి. ఖై జుట్టు పెరిగిపోయింది. ఎస్మే కత్తిరిస్తానంటుంది. ఖైకి తేలికగా తగిలే స్పర్శ అస్సలు పడదు, చర్మం మీద అది భరించలేనట్టు ఉంటుంది. గట్టిగా, స్థిరంగా పట్టుకుంటే ఫర్వాలేదు. మనలో చాలామందికి దీనికి తలకిందులు. ప్రేమ అంటే మెత్తగా నిమరడం అనుకుంటాం. ఎస్మే కూడా అలాగే అనుకునేది. ఆ జుట్టు కత్తిరించే వేళ ఆమె అడుగుతుంది, అతను చెబుతాడు, ఆమె చెయ్యి మార్చుకుంటుంది. వేళ్లు గట్టిగా ఆనించి పని మొదలుపెడుతుంది. భుజాలు బిగబట్టుకుని కూర్చున్న మనిషి కాస్త కాస్తగా వదులవుతాడు. పెద్ద డైలాగులేమీ లేవు.  నా వరకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా రొమాంటిక్ సీన్ అదే. ఎదుటి మనిషికి ఏది హాయిగా ఉంటుందో వాళ్లనే అడిగి, విన్నదాన్ని నమ్మి, తన అలవాటు మార్చుకోవడం. ‘నన్ను ముట్టుకోవద్దు’ అని అతను అన్నది తనని వద్దనుకోవడం కాదని ఎస్మేకి అక్కడే తెలుస్తుంది.

ఈ వివరాలు ఇంత నమ్మేలా ఉండటానికి కారణం ఉంది. హొవాంగ్ మొదటి నవల కోసం ఆటిజం గురించి చదువుతూ తనని తాను గుర్తుపట్టారు, 2016లో ఆమెకి కూడా ఆటిజం స్పెక్ట్రమ్ అని నిర్ధారణ అయింది. బయటి నుంచి చూసి రాసిన ఆటిజం పాత్రలు చాలా చదివాను. వాళ్లు ఎక్కువగా మేధావులు, లేదా మరమనుషులు. ఖై అలాంటివాడు కాడు. మొదటి పుస్తకంలో స్టెల్లాకీ ఇతనికీ కూడా పోలిక పెద్దగా లేదు. స్టెల్లా అందరిలా ఉండాలని తాపత్రయపడుతుంది, తప్పు చేశానేమోనని నలిగిపోతుంది. ఖై తన మానాన తను ఉంటాడు, అడిగినదానికి నిజం చెప్పేస్తాడు, ఎదుటివాళ్ల మొహం ఎందుకు మాడిపోయిందో అతనికి అర్థం కాదు. ఇద్దరినీ పక్కపక్కన చదివితే, ఒకే పేరున్న పరిస్థితి ఇద్దరు మనుషుల్లో ఎంత వేరుగా ఉంటుందో కనిపిస్తుంది. ప్రేమ వల్ల అతని ఆటిజం ‘నయమైపోయినట్టు’ ఎక్కడా రాయలేదు. చివరి పేజీలో కూడా ఖై ఖైలాగే ఉంటాడు. దీనికి రచయిత్రికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఎస్మే అంటే నాకు ఇంకా ఇష్టం. వచ్చిన కొత్తలో ఆమె ఖై ఇల్లు చూస్తుంది. పెరడంతా పిచ్చి మొక్కలు, ఇంట్లో పాత సామాను. పాపం పేదవాడు అనుకుంటుంది. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు కాబట్టి వంటింట్లోంచి మాంసం కొట్టే కత్తి పట్టుకెళ్లి పెరట్లో చెట్టు నరకడం మొదలుపెడుతుంది. ఆ దృశ్యం ఖై కళ్లతో చూస్తుంటే ఒకపక్క నవ్వు ఆగదు, ఇంకోపక్క ఆమె మీద గౌరవం పెరుగుతుంది. అసలు సంగతేమిటంటే ఖై దగ్గర బోలెడు డబ్బుంది, దాని మీద అతనికి ఆసక్తి లేదంతే. మామూలుగా ఇలాంటి నవలల్లో హీరో డబ్బు మొదటి అధ్యాయంలోనే కారుతోనో సూటుతోనో మెరుస్తుంది. ఇక్కడ హీరోయిన్ అతను లేనివాడనుకునే ప్రేమిస్తుంది, తనే సంపాదించి అతన్ని కూడా చూసుకోవచ్చని లెక్కలు వేసుకుంటుంది. పగలు రెస్టారెంట్‌లో పని, ఆ తర్వాత చదువు. పెళ్లి కుదరకపోయినా తన కాళ్ల మీద తను నిలబడే దారి ఒకటి వెతుక్కుంటూనే ఉంటుంది. వీసా గురించి నాకున్న ఇబ్బంది పూర్తిగా పోలేదు. అయితే ఎస్మే బేరంలో వస్తువులా మిగిలిపోకుండా కాపాడింది మాత్రం ఈ పట్టుదలే.

భాష విషయంలో రచయిత్రి చేసిన పని కూడా గమనించాలి. ఎస్మే అధ్యాయాల్లో ఆమె ఆలోచనలు ధారగా సాగుతాయి, తెలివిగా, చురుగ్గా, ఒక్కోసారి పదునుగా. అదే ఎస్మే ఇంగ్లీషులో నోరు తెరిస్తే ముక్కలు ముక్కలుగా రెండు మాటలు వస్తాయి. బయటివాళ్లు ఆ రెండు మాటలే విని ఆమె ఎంతో అంచనా వేసుకుంటారు. లోపల ఎంత మనిషి ఉందో మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. రెండో భాషలో మాట్లాడుతూ, అనుకున్న దాంట్లో పదో వంతు కూడా చెప్పలేక ఆగిపోయిన అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఈ అధ్యాయాల దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

శృంగారం గురించి కూడా చెప్పాలి, లేకపోతే చదివాక నన్ను తిడతారు. ఇది పెద్దలకి రాసిన నవల. ఆ సన్నివేశాలు ఉన్నాయి, దాపరికం లేకుండా ఉన్నాయి. అవి మీకు పడవనుకుంటే ఈ సిరీస్ జోలికి వెళ్లకండి. నాకు నచ్చింది ఏమిటంటే, మొదటి రాత్రే అన్నీ తెలిసిన వీరుడిలా హీరోని చూపించలేదు. ఖైకి అనుభవం లేదు, మొదట్లో కుదరదు, ఎస్మే మనసు నొచ్చుకుంటుంది. అప్పుడు అతను అన్న క్వాన్‌నీ, మైకేల్‌నీ కూర్చోబెట్టి సూటిగా అడిగేస్తాడు. వాళ్లు తడబడుతూనే వివరంగా చెబుతారు. ఎగతాళి చెయ్యరు. మగవాళ్లు ముగ్గురు కూర్చుని, ఆడమనిషిని సుఖపెట్టడం గురించి ఇంత మర్యాదగా, ఇంత శ్రద్ధగా మాట్లాడుకునే సీన్ నేను వేరే ఎక్కడా చదవలేదు. ముందు పుస్తకం చదివినవాళ్లకి అందులో మైకేల్ ఉండటం ఇంకాస్త సరదా.

ఇక ఫిర్యాదులు. నన్ను బాగా ఇబ్బంది పెట్టింది కూతురి సంగతి. ఎస్మే తను అకౌంటెంట్‌నని చెప్పిన అబద్ధం సరే, తనని తక్కువగా చూస్తారన్న నామోషీతో చెప్పింది, దాని బరువు పుస్తకం బాగానే మోసింది. నేను అకౌంట్స్‌లోనే పనిచేస్తాను. ఆ అబద్ధం ఎక్కడ దొరికిపోతుందోనని ప్రతి సంభాషణ దగ్గరా ఊపిరి బిగబట్టాను. కానీ ఒక బిడ్డ ఉందన్న మాట అన్ని పేజీలపాటు దాచి, బయటపడ్డాక దాని మీద ఇద్దరూ కూర్చుని సరిగ్గా మాట్లాడుకునే సీనే ఇవ్వకపోవడం నాకు మింగుడుపడలేదు. ఖైకి ఉన్నట్టుండి మార్పులు పడవని పుస్తకమే వంద చోట్ల చెప్పింది. అలాంటివాడికి ఒక పాప తండ్రి కావడమంటే మాటలా? ఆ పాప కూడా ఎక్కువసేపు అమ్మ కలల్లో ఒక కారణంగానే ఉండిపోయింది, పిల్లగా నా కళ్ల ముందు తిరగలేదు.

రెండోది చివరి అధ్యాయాల హడావుడి. ఏం జరుగుతుందో చెప్పను. మొదటి నుంచీ వేళ్ల ఒత్తిడినీ, నిశ్శబ్దాన్నీ కొలిచి కొలిచి రాసిన చెయ్యి, చివరికి వచ్చేసరికి సినిమా క్లైమాక్స్‌లా పరుగులు పెట్టింది. ఆండీని తలుచుకుని ఖై చివరికి తన దుఃఖాన్ని ఎదుర్కొనే చోటు మాత్రం అద్భుతం, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. కానీ ఆ తర్వాత ఆ దుఃఖానికి చాలినంత జాగా ఇవ్వకుండా ముడి బిగించడం, విప్పడం వైపు వెళ్లిపోయారు. ఇంకో ముప్ఫై పేజీలు ఉంటే బాగుండేది. ఖై తల్లి విషయంలో కూడా పుస్తకం మెత్తగా వదిలేసింది. ఆమె ప్రేమ నిజమే, నాకూ ఆమె అంటే ఇష్టమే. కొడుకుని అడగకుండా ఒక మనిషిని అతని ఇంట్లో దింపడం మాత్రం చిన్న విషయం కాదు. ఆ మాట ఆమె మొహం మీద ఎవరైనా ఒకసారి అని ఉంటే బాగుండేది.

ఏది ముందు చదవాలని అడిగితే, వరసలో చదవడం మంచిది, కానీ తప్పనిసరి కాదు. ‘కిస్ కోషెంట్’ సరదాగా, వేడిగా సాగిపోతుంది. ‘హార్ట్ ప్రిన్సిపుల్’ బరువైనది. వయొలిన్ వాయించే ఆనా, మంచానపడ్డ తండ్రికి సేవ చేస్తూ అలిసిపోవడం అందులో పెద్ద భాగం. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉన్న రోజుల్లో దాన్ని మొదలుపెట్టకండి. మధ్యలో ఉన్న ఈ ‘బ్రైడ్ టెస్ట్’లో నవ్వూ దుఃఖమూ సమపాళ్లలో కుదిరాయి. ఇంగ్లీషు సులువు, డిక్షనరీ తీయాల్సిన పని పడదు. ప్రేమ నవలలు అలవాటు లేనివాళ్లు నేరుగా దీంతో మొదలుపెట్టినా ఏమీ పోదు. మిగతా రెండు జంటల కథలు ఎలా ముగిశాయన్నది ఎలాగూ ఊహించగలరు.

ఒక్క మాట. కథ అయిపోగానే పుస్తకం మూసేయకండి, వెనకాల రచయిత్రి రాసుకున్న నోట్ ఉంటుంది. కథకి ముందు మాత్రం దాన్ని తెరవకండి. మొదట అనుకున్న కథలో ఎస్మే హీరోయిన్ కాదట. ముక్కోణపు ప్రేమలో పక్కకి తప్పుకోవాల్సిన రెండో అమ్మాయట. రాస్తూ రాస్తూ ఉంటే తనకి ఆ అమ్మాయే ఎక్కువ నచ్చుతోందని హొవాంగ్‌కి అనిపించింది. ఇలాంటి అమ్మాయిని మధ్యలో నిలబెట్టడానికి తను ఎందుకు వెనకాడానని తనని తానే ప్రశ్నించుకున్నారు. ఆమె తల్లి వియత్నాం నుంచి శరణార్థిగా అమెరికా వచ్చినావిడ. హొవాంగ్ అమ్మ దగ్గర కూర్చుని ఆ రోజుల గురించి అడిగి తెలుసుకుని, ఎస్మేని మళ్లీ మొదటి నుంచి రాశారు.